సంఖ్యాకాండం గుండు

ఆ రోజుల్లో సికింద్రాబాదులో కుర్రాడి బతుకు ఎంతవరకు వచ్చిందో వాడి జుట్టు చూసి చెప్పేసేవారు. చెవులు కనిపిస్తే ఉద్యోగం ఉన్నట్టు. చెవులు మునిగిపోతే కాలేజీలో ఉన్నట్టు. కాలరు కూడా మునిగిపోతే కాలేజీ అయిపోయి ఉద్యోగం దొరకనట్టు. నా జుట్టు కాలరు దాటి, భుజాలు దాటి, సీతాఫల్‌మండి పొలిమేర దాటి వార్‌సిగూడ వైపు ప్రయాణిస్తూ ఉండేది (కొంచెం ఎక్కువ చెప్పాననుకుంటే మీరు ఆ జుట్టు చూడలేదన్నమాట). కానీ దాని మీద కత్తెర పడకపోవడానికి కారణం నిరుద్యోగం కాదు. భక్తి. ఈ మాట అప్పుడు చెబితే ఎవరూ నమ్మలేదు, ఇప్పుడు చెప్పినా నవ్వుతారు. నవ్వుకోండి. యాభై దాటిన మనిషిని, ఇంకొకరి నవ్వుకు జడిసే వయసు కాదు నాది. నేను చేసింది సరైన పనేనని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

పుట్టుకతో క్రైస్తవుణ్ణే గానీ, ఇరవయ్యొక్క ఏళ్ళు వచ్చేదాకా బైబిలుతో నాకు పెద్దగా పరిచయం లేదు. అది మా ఇంట్లో రేడియో మీద, నాయనమ్మ అల్లిన లేసుగుడ్డ కప్పుకుని, మహారాజులా కూర్చుని ఉండేది. దాన్ని దించాలంటే ముందు రేడియో ఆపాలి. రేడియో ఆపాలంటే నాన్న ఒప్పుకోవాలి. అందుకని అందరం దూరం నుంచే గౌరవించేవాళ్ళం. అలాంటిది, ఒక వేసవిలో మౌలాలి రైల్వే కాలనీ మైదానంలో జరిగిన ఉజ్జీవ కూటాల్లో, అంటే చల్లారిన భక్తిని రాజేసే సభల్లో, ప్రసంగీకుడు లేచి, బైబిలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. అంత మైదానంలో ఒక్క చెయ్యి లేవలేదు. లేచినవి దోమల మీదకి మాత్రమే. నాకు రోషం వచ్చింది. మర్నాడే లేసుగుడ్డ తొలగించాను.

నాకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. రోజుకో అధ్యాయం చదవాలి, అందులో ఏం చెయ్యమని ఉంటే అది ఆ రోజే మొదలుపెట్టాలి. మందు సీసా మీద రాసింది చదివి మందు మింగకుండా ఊరుకుంటామా? ఆదికాండంలో పెద్ద ఇబ్బంది రాలేదు (ఓడ కట్టమన్నది నన్ను కాదని సరిపెట్టుకున్నాను, కలప ధరలు కూడా ఆ నిర్ణయానికి తోడ్పడ్డాయి). నిర్గమకాండంలో మేకపిల్లను దాని తల్లి పాలలో వండకూడదని కనిపించింది. ఆ ఆదివారం మాంసం కూర తిన్నాక నాయనమ్మ పెరుగు వెయ్యబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టాను.

"ఏరా, ఏమొచ్చింది నీకు?" అంది నాయనమ్మ. గుంటూరు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళయినా ఆవిడ గొంతులో సికింద్రాబాదు గాలి చొరబడలేదు.

"మేక మాంసం మీద పాలు, పెరుగు తినకూడదే. బైబిల్లో ఉంది."

"అది మేక, ఇది గేదె. ఆ రెంటికీ చుట్టరికం ఎక్కడ కుదిరిందిరా?"

నాన్న తలెత్తకుండా, "తినకపోతే పోనీ అమ్మా. ఆ పెరుగు నాకు వెయ్యి" అన్నారు. నాన్నది మొదటి నుంచీ అదే పద్ధతి. సికింద్రాబాదు స్టేషను పక్కన రైల్వే ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి చేసి, దేవుడి విషయాల్లో కూడా పై ఆఫీసు నుంచి కాగితం వచ్చేదాకా కదిలేవారు కాదు.

లేవీయకాండంలో రెండు రకాల నూలు కలిపి నేసిన బట్ట వేసుకోకూడదని చదివి నా టెర్రీకాటన్ ప్యాంటు విప్పి పెట్టెలో పడేశాను. సికింద్రాబాదు మొత్తం టెర్రీకాటన్‌లో మెరిసిపోతున్న కాలంలో నేను ఒక్కణ్ణీ ముతక ఖద్దరులో, దులిపిన దుప్పటిలా తిరిగాను. ఆ తర్వాత వచ్చింది సంఖ్యాకాండం, ఆరో అధ్యాయం. మగాడైనా ఆడదైనా దేవుడికి ప్రత్యేకంగా ఉండాలని మొక్కుకుంటే, ఆ మొక్కు తీరేదాకా తలమీద కత్తి పడకూడదు, ద్రాక్షకి సంబంధించినదేదీ నోట్లో పడకూడదు. కాయ, పండు, రసం, ఎండుద్రాక్ష, చివరికి తొక్కా గింజా కూడా. అలాంటివాణ్ణి నాజీరు అంటారు. ఓడ సంగతి వేరు, ఇక్కడ ఎవరైనా సరేనని స్పష్టంగా ఉంది. ఆ సాయంత్రమే మా ఇంటి గుమ్మం మెట్టు మీద నిలబడి మొక్కేసుకున్నాను.

"దేవుడికి మొక్కావా, అద్దానికి మొక్కావా?" అంది నాయనమ్మ, అప్పటికే భుజాలు దాటిన నా జుట్టు వంక చూస్తూ. 

సరిగ్గా అప్పుడే నాకు ఉద్యోగం వచ్చేలా ఉంది. మా చర్చి ఆవరణలోనే మా సంఘం బడి. అక్కడ లెక్కల టీచరమ్మ కాన్పు దగ్గరపడి ఉద్యోగం మానేయబోతోంది. ఆ ఖాళీలో నన్ను వేయమని నాన్న, అయ్యగారి ఇంటికి తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకున్నారు. అయ్యగారంటే మా పాస్టరు గారు. బడికి మేనేజరు కూడా ఆయనే. ఇంకో పక్క మా సంఘం సెక్రటరీ అంకుల్ తన మేనల్లుణ్ణి ఆ కుర్చీ చుట్టూ అప్పుడే నాలుగు ప్రదక్షిణలు చేయించారు. నాన్న మరుసటి ఏడు రిటైరవుతారు. నేను ఆ కుర్చీలో కూర్చుంటే మా ఇల్లు నిలబడుతుంది, కూర్చోకపోతే నేను మెట్టు మీదే కూర్చుంటాను. సంగతి అంత సూటిగా ఉంది.

నెలలో మొదటి ఆదివారం వచ్చింది. అది ప్రభువు బల్ల ఆదివారం. రొట్టె తీసుకుని, గిన్నెలో ద్రాక్షారసం ఒక గుక్క తాగాలి. మా చర్చిలో ఆ రసం కొనరు. ఎండుద్రాక్ష నానబెట్టి, పిసికి, వడగట్టి చేసేది సాక్షాత్తూ మా నాయనమ్మే. నేను వరసలో మోకరించి రొట్టె తీసుకున్నాను. గిన్నె వచ్చేసరికి తల అడ్డంగా ఊపాను. అయ్యగారు ఒక్క క్షణం ఆగి, కనుబొమలు లేపి, పక్కవాడికి వెళ్ళారు. అంతే జరిగింది. ఏదో చిన్న విషయం అనుకున్నాను.

మా సంఘంలో గిన్నె దాటేయడమంటే ఏమిటో నాకు తెలియదు. పెద్ద పాపం చేసి, మనస్సాక్షి పొడుస్తున్నవాడు మాత్రమే బల్లకి దూరంగా ఉంటాడని అక్కడి నమ్మకం. రొట్టె తిని గిన్నె వద్దన్నవాడు అప్పటిదాకా ఎవడూ లేడు గనక, నా పాపం ఎంత కొత్తరకమో కనుక్కునే పని సంఘమంతా భుజాన వేసుకుంది. ఆ సాయంత్రానికి నేను సిగరెట్లు కాల్చాను. సోమవారం నాటికి తాగాను. బుధవారం స్త్రీల సమాజం ప్రార్థన ముగిసేసరికి మౌలాలిలో రిజిస్టరు పెళ్ళి చేసుకున్నాను. మళ్ళీ ఆదివారం వచ్చేసరికి ఆ మౌలాలి అమ్మాయికి ఇద్దరు పిల్లలు, పెద్దవాడికి నా ముక్కు! నన్ను చూసి జాలిగా నవ్వేవాళ్ళు కొందరు, తమ ఆడపిల్లల్ని ఇటు నుంచి అటు పక్కకి మార్చుకునేవాళ్ళు కొందరు. ఒక్క నాయనమ్మ మాత్రం వేరే కారణానికి మాట్లాడటం మానేసింది. "నా చేతి రసం వద్దన్నావు" అని.

ఇక ఆగలేక కమిటీ నన్ను పిలిచింది. చర్చి వెనక గదిలో పొడుగాటి బల్ల, దాని చుట్టూ పెద్దలు. సెక్రటరీ అంకుల్ సికింద్రాబాదులోనే పుట్టి పెరిగిన మనిషి, నేరుగా విషయానికొచ్చారు.

"చూడు బేటా, గలీజు పని ఏం చేసినవో అయ్యగారి ముందర చెప్పెయ్. మాఫీ చేస్తం గద. పరేషాన్ గాకు."

"ఏ పనీ చెయ్యలేదంకుల్."

"గట్లైతే గిన్నె ఎందుకు వద్దంటివి? జెర సమజయ్యేటట్టు చెప్పు."

"సంఖ్యాకాండం, ఆరో అధ్యాయం" అన్నాను, ఛాతీ విరుచుకుని.

బైబిళ్ళు తెరుచుకున్నాయి. సెక్రటరీ అంకుల్ కీర్తనల్లో వెతికారు. ఒక పెద్దాయన ప్రకటన గ్రంథం దగ్గర ఆగిపోయారు. మేమంతా ఆమెన్ తాతయ్య అని పిలుచుకునే ముసలాయన (చెప్పకూడని చోటల్లా ఆమెన్ అనడం ఆయన ప్రత్యేకత) బైబిలు తలకిందులుగా పట్టుకున్నారు. చివరికి అయ్యగారు చోటు చూపించాక, బంగారు అంచు పేజీలు పుట్టినప్పటి నుంచీ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయేమో, విడదీస్తుంటే వడియాలు విరిగినట్టు చప్పుళ్ళు వచ్చాయి. అయ్యగారు పైకి చదివారు. జుట్టు, ద్రాక్ష, తొక్క, గింజ, అన్నీ. ఆమెన్ తాతయ్య "ఆమెన్" అన్నారు. సెక్రటరీ అంకుల్ ఆయన్ని ఉరిమి చూశారు.

"గిదంతా పాత నిబంధన ముచ్చట. మనకు లాగు గాదు" అన్నారు సెక్రటరీ అంకుల్.

"సంపాదనలో పదో వంతు చర్చికివ్వాలన్న దశమభాగం కూడా అందులోనే ఉందంకుల్. అది మాత్రం మనకు వర్తిస్తుందని పోయిన ఆదివారం మైకులో మీరే చెప్పారు."

అయ్యగారికి దగ్గు వచ్చింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గారు. దగ్గు తగ్గాక, "ఎందుకు మొక్కావయ్యా?" అని అడిగారు.

"అక్కడ రాసి ఉందండీ."

"రైల్వే టైంటేబుల్లో అన్ని రైళ్ళూ రాసి ఉంటాయి. మీ నాన్నగారి ఆఫీసే కదా, తెలియదూ? రాసి ఉందని అన్నీ ఎక్కేస్తావా? నీ రైలేదో, ఎక్కడికి పోతుందో చూసుకోవద్దూ?"

అది చాలా మంచి ప్రశ్న. మంచి ప్రశ్న ఎదురైనప్పుడు నా గొంతు మామూలుగా పెరుగుతుంది. "అన్నీ ఎక్కనండీ. కానీ ఎక్కిన రైల్లోంచి మధ్యలో దూకను!" అన్నాను.

"సరే. ఎక్కడ దిగాలో చూసుకున్నావా మరి? ఎన్నాళ్ళకి మొక్కావు?"

అప్పుడు తెలిసింది, నేను గడువు పెట్టుకోవడం మర్చిపోయానని. అధ్యాయం సగం చదివేసరికే ఆవేశం వచ్చేసి లేచి మొక్కేశాను. మిగతా సగం అయ్యగారు ఇప్పుడు తీరిగ్గా చదివారు. మొక్కు తీరినవాడు, ఆ కాలపు గుడి అయిన గుడారం గుమ్మం దగ్గర తల గొరిగించుకోవాలి. ఆ జుట్టుని బలి మాంసం కింద మంటలో వెయ్యాలి. ఏడాది గొర్రెపిల్ల ఒకటి, ఆడ గొర్రెపిల్ల ఒకటి, పొట్టేలు ఒకటి, గంపెడు రొట్టెలు తేవాలి.

"పొట్టేలు ఉడికిన జబ్బ యాజకుడికి ఇవ్వాలని కూడా ఉంది. అది మాత్రం నేను జాగ్రత్తగా చదువుకున్నాను" అన్నారు అయ్యగారు. ఆయన అలా అనేసరికి గది కాస్త తేలికైంది. సెక్రటరీ అంకుల్ తేలిక పడలేదు. బల్లకి దూరంగా ఉన్నవాడికి బడిలో చోటు లేదని, వచ్చే బల్ల ఆదివారం నేను గిన్నె తీసుకోకపోతే సోమవారం పొద్దున ఆ కుర్చీ ఆయన మేనల్లుడిదని తీర్మానం రాయించారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్న ఈ గొడవలో మొదటిసారి నోరు తెరిచారు. "మూడు గొర్రెలా? నీ పెళ్ళికే ఒకటి అనుకుంటున్నాను. ఒరేయ్, నోరు మూసుకుని ఒక్క గుక్క తాగరా. దేవుడు నా రిటైర్మెంటు చూసి క్షమిస్తాడు."

"కమిటీ బెదిరిస్తే తాగను నాన్నా. గడువు పెట్టుకోలేదు గనక మొక్కు ఎప్పుడైనా ముగించొచ్చు, కానీ అధ్యాయం చెప్పినట్టే ముగిస్తాను."

మూడు వారాలుగా నాతో మాట్లాడని నాయనమ్మ ఇప్పుడు నా వైపు తిరిగింది. ఎదుటివాళ్ళు మొండితనం చూపిస్తే ఆవిడకి ముచ్చట. "ఏదీ, ఆ చివర ఏముందో ఇంకోసారి చదువు" అంది. చదివాను. తన చేతికి అందినది ఇచ్చేమాట ఒకటి చివర్లో ఉంది. "ఆగాగు! చేతికి అందినంతేనట. కిలో మాంసం చాలు" అని తేల్చేసింది. (ఆ మూడూ ఇచ్చాక, ఇంకా చేతనైతే పైన ఇవ్వమని అక్కడి అర్థం. మా నాయనమ్మ వ్యాఖ్యానంలో అది డిస్కౌంటుగా మారింది. ఆవిడ వ్యాఖ్యానానికి ఎదురు చెప్పిన పండితుడు మా వంశంలో లేడు.)

బల్ల ఆదివారం పొద్దున్నే చర్చి గేటు దగ్గర దుకాణం పెట్టాం. కుంపటి, దాని మీద దేగిసాలో మాంసం, పక్కన గంపలో నాయనమ్మ కాల్చిన పులియని రొట్టెలు. మా వీధి మంగలి యాదన్న పెట్టెతో వచ్చి, శిలువ వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు.

"ఏంది సారూ, చర్చి కాడ గుండా? తిరుపతికి టికెట్ దొర్కలేదా?"

"కాదు యాదన్నా, ఇది వేరే."

"వేరే ఏంది? గుండు గుండే గద. కూసోండ్రి."

కత్తి పడింది. నా జుట్టు రాలుతుంటే ఒక పరుపుకి సరిపడా పోగైంది. తలగడలు కూడా కుట్టించుకోవచ్చు. లోపల ఆరాధన మొదలై, మొదటి పాట సాగుతోంది. నాయనమ్మ జుట్టంతా రెండు చేతులా ఎత్తి కుంపట్లో పడేసింది. ఆ వాసన గురించి చెప్పాలంటే నాకు మాటలు చాలవు, మీకు ముక్కు చాలదు. అప్పటిదాకా అటు వీస్తున్న గాలి, సరిగ్గా ఆ నిమిషానికి మారుమనస్సు పొంది, మొత్తం పొగని చర్చి కిటికీల్లోకి తోసింది. రెండో చరణం మధ్యలో ఆడగొంతులు ఆగిపోయాయి. మగగొంతులు దగ్గుగా మారాయి. సెక్రటరీ అంకుల్ ముక్కు మూసుకుని బయటికి పరిగెత్తుకొచ్చారు.

"ఏం కాలవెట్టిండ్రమ్మా? ఫైరింజన్ పిలవాల్నా ఏంది!"

"సమాధాన బలి నాయనా. తొందరపడకు, జబ్బ ఇంకా ఉడకలేదు" అంది నాయనమ్మ, గరిటె తిప్పుతూ.

నేను లేచి లోపలికి నడిచాను. చర్చంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. నున్నటి గుండు, నుదుటి మీద యాదన్న కత్తి గాటు, ముతక ఖద్దరు. "అయ్యో, తిరుపతి పోయొచ్చిండు!" అని ఒక గొంతు గుసగుసలాడింది. ఆ గుసగుస నా కంటే ముందు బల్ల దాకా నడిచి వెళ్ళింది. నాన్న సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నారు. అది తిరుగుతూనే ఉంది, అయినా లెక్కపెడుతున్నారు. వెళ్ళి మోకరించాను. అప్పటిదాకా లేని భయం అప్పుడు పట్టుకుంది. పోయిన నెల నేను గిన్నెని దాటేశాను. ఈ నెల గిన్నె నన్ను దాటిపోతే? అయ్యగారు ఒక్కొక్కరి ముందూ ఆగుతూ వస్తున్నారు. నా ముందు ఆగారు. ఆయన చూపు నా గుండు మీద పడింది, కిటికీలోంచి వస్తున్న పొగ మీద పడింది, వెనక వరసలో నిప్పులు కురిపిస్తున్న కమిటీ మీద పడింది. రుమాలు తీసి నా నుదుటి మీద నెత్తురు బొట్టు అద్ది, వంగి, "స్టేషను వచ్చిందయ్యా, దిగు" అన్నారు మెల్లగా. గిన్నె అందించారు. నాయనమ్మ చేతి ఎండుద్రాక్ష రుచి ఎన్నాళ్ళకి తగిలిందో! ఒక గుక్కతో ఆగలేదు. ఆయన గిన్నె లాక్కోవలసి వచ్చింది.

ఇంటికి వస్తుంటే, పక్క వాటాలో ఉండే అక్క గుమ్మంలోంచే గుండు చూసి సంబరపడిపోయింది. "తమ్మీ, తిరుపతి పోయినవా! మాకు ఒక్క మాట చెప్పకపోతివి. లడ్డు ఏదీ?"

"తిరుపతి కాదక్కా, సంఖ్యాకాండం."

"గదేడున్నది? కాజీపేట అవతలనా?"

గంపలో మిగిలిన రొట్టె ఒకటి ఇచ్చాను. కళ్ళకద్దుకుని తింది. ఉప్పు తక్కువైందని మాత్రం చెప్పింది.

ఆ మధ్యాహ్నమే కమిటీ మళ్ళీ కూర్చుంది. అక్కడ జరిగింది ఆమెన్ తాతయ్య ద్వారా సాయంత్రానికి సీతాఫల్‌మండి అంతా తెలిసింది. "గుండుతోని బడికొస్తే పిల్లల తల్లిదండ్రులు ఏమనుకుంటరు? మన సార్లు సుత మొక్కులకు పోతున్నరనుకోరా?" అని సెక్రటరీ అంకుల్ లేచారట. దానికి అయ్యగారు, "జుట్టు రెండు నెలల్లో వస్తుంది. అతను ఒక అధ్యాయం తప్పుగా చదివాడు, కానీ చదివింది చేశాడు. సరిగ్గా చదివి చేసింది మన మినిట్సు పుస్తకంలో ఏదైనా ఒకటుంటే చూపించండి, మీ మేనల్లుడికే ఇద్దాం" అన్నారట. పుస్తకం ఎవరూ తెరవలేదు. ఆమెన్ తాతయ్య, జీవితంలో మొదటిసారి సరైన చోట, ఆమెన్ అన్నారట. కుర్చీ నాకే వచ్చింది. కానీ ఓడిపోయినవాళ్ళు కూడా ఒక షరతు గెలిచారు. నేను లెక్కలు చెప్పవచ్చు, బైబిలు క్లాసు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ నాకు ఇవ్వకూడదు. సంఘం మొత్తంలో సంఖ్యాకాండం చదివిన వాణ్ణి నేను ఒక్కణ్ణే అయినా సరే.

ఇప్పుడు ఏ.ఎస్. రావు నగర్‌లో మా ఇంటి హాల్లో ప్రతి గురువారం బైబిలు స్టడీ నడిపేది నేనే. అలమరా నిండా వ్యాఖ్యానాలున్నాయి. ఏ మాట ఎవరికి రాశారు, ఎప్పుడు రాశారు, ముందు ఏముంది, వెనక ఏముంది, అన్నీ నేర్చుకున్నాను. ఏ రైలు నాది కాదో ఠక్కున చెప్పగలను. ఆమధ్య కొత్తగా వస్తున్న ఒక రిటైర్డ్ నర్సమ్మ, రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలన్న చోట వేలు పెట్టి, "దీనికి అర్థమేంటండీ?" అని అడిగింది. ఆ కాలపు ఆచారాలు, ఆ దేశపు చలి, మూల భాషలో అంగీ అంటే ఏమిటి, అన్నీ వివరించి, చివరికి అది ముఖ్యంగా హృదయానికి సంబంధించిన విషయమని తేల్చాను. అందరూ తలలూపారు. ఆవిడ కూడా ఊపింది, కాస్త ఆలస్యంగా. వాళ్ళు వెళ్ళాక ఇస్త్రీ చొక్కా ఒకటి లోపల పెడదామని బీరువా తలుపు లాగితే, కుక్కి పెట్టిన చొక్కాలు బొలబొలా కాళ్ళ మీద పడ్డాయి.

ఆ ఖద్దరు కుర్రాడైతే వివరణ ఇచ్చేవాడు కాదు. అక్కడికక్కడే చొక్కా విప్పి ఎవడికో ఇచ్చేసి, బనీనుతో సీతాఫల్‌మండి వీధుల్లో తల ఎగరేసుకుంటూ ఇంటికొచ్చి, నాయనమ్మ చేత చెడామడా తిట్లు తినేవాడు. చొక్కాలు ఏరుకుంటూ, చాలాసేపు, ఒక్కణ్ణే నవ్వుకున్నాను.